చల్లబడేదాకా

ఆ కారు తెచ్చి మా ఇంటి కింద షెడ్డులో పెట్టిన రోజు మా ఆవిడ, "నాకు సవతిని తెచ్చారన్నమాట" అంది. నవ్వేశాను. ఇంజన్ జోరు పెంచే టర్బో ఉన్న పాత స్పోర్ట్స్ కారు అది. రెండే తలుపులు, వెనక సీటు పిల్లలకు తప్ప పనికిరాదు. తీరిక దొరికితే చాలు, ఆయిల్ మార్చడమో, పగిలిన రబ్బరు గొట్టాలు తీసి కొత్తవి వెయ్యడమో... దాని సేవలోనే ఉండేవాణ్ణి.

అమ్మిన పెద్దావిడ ఒకటే జాగ్రత్త చెప్పింది. "గట్టిగా నడిపాక వెంటనే ఆపెయ్యకు బాబూ. టర్బో చల్లబడేదాకా ఇంజన్ ఊరికే తిరగనివ్వాలి. మా ఆయన అంతసేపూ లోపలే కూర్చునేవారు. పోయింది కూడా అందులోనే."

ఆ చివరి మాట మా ఆవిడకు చెప్పకుండా మింగేశాను.

ఒక సాయంత్రం వాన. మా ఐదేళ్ల పాపను ఎక్కించుకుని షికారుకెళ్లాను. ఖాళీ రోడ్డు చూసేసరికి నాకు ఒళ్లు తెలియలేదు. టర్బో ఈల వేసినప్పుడల్లా పాప కేరింతలు కొట్టి, అలిసిపోయి వెనక సీట్లో నిద్రపోయింది. షెడ్డులో పెట్టాక జల్లు కొడుతోందని షట్టర్ సగం దించి వచ్చి, మళ్లీ సీట్లో కూర్చున్నాను. పాపను త్వరగా పడుకోబెట్టాలి. చల్లబడేదాకా ఆగే ఓపిక లేక తాళంచెవి తీసేశాను.

ఇంజన్ ఆగలేదు.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. ఇంజన్ మెత్తగా తిరుగుతూనే ఉంది. కాలిన ఆయిల్ వాసన. దాని వెనకే ఇంకో వాసన... ముసలివాళ్ల గదిలో ఉండే మందుల వాసన. పక్క సీటు కిర్రుమంది. ఎవరో సర్దుకుని కూర్చున్నట్టు.

"అప్పుడే... దిగకు..."

చెవి పక్కనే. వేడిగా ఊపిరి తగిలింది.

ఎలా దిగానో తెలియదు. షట్టర్ కింద నుంచి దూరి బయటపడ్డాను. అది నా వెంట రాకుండా షట్టర్ నేలదాకా లాగేశాను. వానలో నిలబడి రొప్పుతూ, బతికిపోయాను అనుకున్నాను. అవును... అదే అనుకున్నాను.

చప్పుడు విని మా ఆవిడ మెట్లు దిగి వచ్చింది. "ఏమైంది? పాపేది?"

షెడ్డువైపు చూశాను. మూసిన షెడ్డు. లోపల తిరుగుతున్న ఇంజన్. పొగ... అప్పుడు కూడా నా కాళ్లు కదల్లేదు. తనే పరుగెత్తి షట్టర్ ఎత్తింది. పొగ గుప్పున బయటికొచ్చింది. ఇంజన్ టక్కున ఆగింది.

నేను తెరిచి పారిపోయిన తలుపు మూసి ఉంది. అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. పాప ముందు సీట్లో కాళ్లు ఊపుతూ కూర్చుంది.

"పొగ రాకుండా తాతయ్య అన్నీ మూసేశాడమ్మా. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నాన్న వెళ్లిపోయాడుగా... తాతయ్య వెళ్లడట. ఎప్పటికీ వెళ్లడట."

మా ఆవిడ పాపను ఎత్తుకుని, నా వైపు చూడకుండా మెట్లెక్కింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. అన్నం దగ్గర పాప ముఖం చూడలేకపోయాను.

ఆ రాత్రి పాప పక్కన నేనే పడుకుంటానన్నాను. ఆ మాత్రమైనా తండ్రిననిపించుకోవాలి కదా. లైటు ఆర్పాక పాప నా వైపు జరిగింది. క్షమించేసిందనుకుని దుప్పటి కప్పబోయాను. పాప గోడవైపు పరుపును చేత్తో తట్టింది.

"ఇదిగో చోటు... పడుకో తాతయ్యా."

ఆ వైపు పరుపు మెల్లగా కుంగింది.

ఈసారి కూడా, పాపను వదిలేసి మంచం దూకింది నేనే.