మెట్లున్నాయి, ఇల్లు లేదు

దగ్గరికి జరుగు తల్లీ. దుప్పటి కాళ్ల మీద కప్పుకో. ఇది మన ట్రెయిలర్ పార్కులోనే జరిగింది, నేల అద్దెకి తీసుకుని చక్రాల ఇళ్లు నిలుపుకునే ఈ చోటే. గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

ఏప్రిల్ నెల. మోంటానాలో మంచు అప్పుడే కరుగుతోంది. తుంటి విరిగి శీతాకాలమంతా ఆసుపత్రిలో గడిపిన ఆర్డిత్ స్కోగ్లండ్ టాక్సీ దిగింది. చేతికర్రతో నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

మూడు చెక్కమెట్లు ఉన్నాయి. పట్టుకునే కమ్మీ ఉంది. మెట్ల పైన ఇల్లు లేదు.

అందులో ఉండాల్సిన తమ్ముడు ఎమ్మెట్ కూడా లేడు.

కబురందుకుని షెరిఫ్ ఆఫీసు నుంచి పోలీసు డిప్యూటీ నడీన్ వచ్చింది. పార్కు యజమాని రాయిస్ టటిల్ తన ట్రక్కుకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఇల్లెక్కడ?" అని అతన్ని అడిగింది నడీన్.

"అమ్మేశాను. కొన్నవాళ్లు లారీకి కట్టి లాక్కెళ్లారు."

"అది ఆమెది కదా?"

"ఇల్లు ఆమెది, నేల నాది. ఎమ్మెట్ అక్టోబరులో చెప్పాపెట్టకుండా పోయాడు. నేల అద్దె ఆగింది. నోటీసు అంటించాను, గడువు దాటింది. మనిషి లేని ఇల్లు వదిలేసిన ఇల్లే. చట్టం చూసుకోండి మేడమ్."

"పోవడం ఎవరు చూశారు?"

"నేనే. సంచీ పట్టుకుని బస్సెక్కాడు."

ఎమ్మెట్ తనంతట తాను పోయి ఉంటే ఆర్డిత్‌కి ఇల్లు దక్కదు. పోకపోతే... అతనేమయ్యాడు?

నడీన్ ఒకసారి చుట్టూ చూసింది. పార్కంతా మంచునీళ్లు గుంటలు కట్టాయి. ఈ స్థలం మాత్రం మూలమూలా పొడిగా ఉంది.

పక్కింటి డొలోరెస్ అప్పటికే ఆర్డిత్‌ని తన వంటింట్లో కూర్చోబెట్టి వేడి కాఫీ ఇచ్చింది. నడీన్ అక్కడికి వెళ్లింది.

"మీ తమ్ముడు ఎలాంటివాడమ్మా?"

"సోమరి వెధవ," అంది ఆర్డిత్ కళ్లొత్తుకుంటూ. "ఫోన్ ఎత్తకపోతే వేటకి పోయాడనుకున్నాను. నన్నొదిలి పోయేవాడు కాదు తల్లీ."

"ఆ ఇల్లొదిలి ఎక్కడికి పోతాడూ!" అంది డొలోరెస్, ఆమెని నవ్విద్దామని. "పెనంలో గుడ్డు కొడితే ఒక పక్కకే పరుగెత్తేది. సగం మాడు, సగం పచ్చి. అదే లొట్టలేసుకుని తినేవాడు."

"వెనక మూల నేల కుంగింది మరి! తలుపు పట్టేస్తే అంచు చెక్కుకునేదాన్ని. మట్టి వేయించరా నాయనా అని ఎన్నేళ్లు బతిమాలాను? 'ఇల్లు నీది, జాకీ నువ్వే పెట్టుకో' అనేవాడు రాయిస్."

"చివరికి వేయించాడుగా," అంది డొలోరెస్. "ఎమ్మెట్ కనబడకుండా పోయిన ఆ వారమే. ఇంటి అడుగున చుట్టూ కొట్టిన రేకు విప్పి, తనే పారతో మట్టి నింపాడు. ముసలాడికి దేవుడు బుద్ధిచ్చాడనుకున్నాం."

కుంగిన మూలలో కూడా నీళ్లు నిలవలేదని నడీన్‌కి గుర్తొచ్చింది. లేచి రేడియోలో నలుగురు డిప్యూటీలని పిలిచింది. పారలు తెమ్మంది.

రాయిస్ ఎలాంటివాడో మా అందరికీ తెలుసు. ఎంగిలి చేత్తో కాకిని తోలడు. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. మంచిపనిని ఎవరు అనుమానిస్తారు?

మెట్ల దగ్గర జనం మూగారు. నడీన్ వెనక మూలకి నడిచింది.

"రాయిస్ గారూ, ఆమె ఏళ్ల తరబడి అడిగినా వేయని మట్టి, అడిగే మనిషి లేనప్పుడు ఎందుకు వేశారు?"

"జాలేసి."

"ఎవరి మీద? అది వదిలేసిన ఇల్లని మీరే అన్నారు. వదిలేసిన ఇంటికి మరమ్మతా?"

నడీన్ తన మనుషులకి ఆ మూల చూపించింది.

"ఎమ్మెట్ ఉన్నంతకాలం ఆ ఇల్లు మీ చేతికి రాదు. అందుకే అతను పోవాలి. పోయినట్టు కనబడాలి. తవ్వండి."

పారలు దిగాయి. రాయిస్ ట్రక్కు వైపు రెండడుగులు వేశాడు. ఒక డిప్యూటీ అడ్డం నిలిచాడు.

ముందు బూటు కనబడింది.

జనంలోంచి ఆర్డిత్ ముందుకొచ్చింది. కర్ర వదిలేసి, ఆ తవ్విన మట్టిలో కూలబడింది.

ఇల్లు దొరికింది. కోర్టు ఆమెదేనని తేల్చింది. లారీకి కట్టి తీసుకొచ్చి, గేటు దగ్గర ఆపి డ్రైవర్ అడిగాడు:

"ఎక్కడ దించమంటారమ్మా?"

"ఇక్కడ మాత్రం వద్దు బాబూ. మా ఎమ్మెట్‌ని పాతిన చోటి మీద నేనెలా పడుకోను?"

మరెక్కడా ఆమెకి జానెడు నేల లేదు. ఆ ఇల్లు చాలాకాలం రోడ్డు పక్కన చక్రాల మీదే నిలబడింది. ఆమె అందులోనే వండుకుంది.

ఇది గుర్తుపెట్టుకో తల్లీ. పార్కులోకి కొత్తగా ఎవరొచ్చినా కూర్చోబెట్టి చెప్పు. రాయిస్ పేరు మరిచిపోయినా ఫర్వాలేదు. ఎమ్మెట్ పేరు మాత్రం మరవకు.