గోళ్ళరంగు గీత

"నా గోళ్ళరంగు సీసా ఎవరు తీశారు?"

చిన్నకోడలు అలమర అరలన్నీ కింద కుమ్మరించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మొన్ననే కొన్నాను! నిండుగా పది గోళ్ళకీ వేసుకోనైనా లేదు!"

"నాకెందుకమ్మా, ఈ వయసులో!" అంది అత్తగారు మంచం మీంచి, పెద్దకోడలిని ఓరకంట చూస్తూ. "దీని సీసా ఏనాడో మీ బావ షెడ్డుకి పట్టుకుపోయాడు. మళ్ళీ వేసుకోవాలని సరదా పుట్టిందేమో..."

పెరటి గుమ్మం దగ్గర దుప్పటి పిండుతున్న పెద్దకోడలి చేతులు ఆగిపోయాయి. "అంట్లు తోమే చేతులకి రంగెందుకత్తయ్యా? గిన్నెలకి పూయడానికా?" నవ్వుతూనే అంది కానీ, దుప్పటిని ఇంకో మెలిక తిప్పి గట్టిగా పిండింది. ఇన్నేళ్ళ కాపురంలో ఎన్ని మాటలు పడలేదు! ఇప్పుడు దొంగతనం కూడానా...

ఆమె భర్త లారీ ఇంజన్ల డీజిల్ పంపులు బాగుచేసే మేస్త్రి. ఇంజను ఎంత డీజిల్ తాగాలో పంపు మీది మరతో కుదిర్చి, దాని నట్టు బిగించి, నట్టు మీంచి పంపు ఒంటి మీదికి గోళ్ళరంగుతో సన్నని గీత గీస్తాడు. ఆ తర్వాత ఎవరు నట్టు కదిపినా గీత తెగి రెండు ముక్కలవుతుంది. కొత్త కాపురంలో ఆమె సీసా ఒకటి అడిగి తీసుకున్నాడు... ఇటుకపొడిలాంటి ముదురెరుపు. "నా సంతకం నీ గోళ్ళరంగేనోయ్!" అని మురిసిపోయేవాడు. ఆమె మళ్ళీ కొనుక్కోలేదు. ఆయన అదే రంగు వాడుతూనే ఉన్నాడు.

దుప్పట్లు ఆరేసి వెనక్కి తిరిగిందో లేదో, సందులో మరిది లారీ స్టార్టు చేశాడు. నల్లటి పొగ గోడ దాటి వచ్చి, తెల్ల దుప్పట్ల మీద మసి రవ్వలుగా వాలింది. మళ్ళీ ఉతకాలి! విసుగ్గా దుప్పటిని తీగ మీంచి లాగబోయింది. అంతలోనే ఆగి, పొగ వైపు చూసింది. మేస్త్రి పెళ్ళానికి ఆ పొగ సంగతి తెలియదూ! కాల్చుకోగలిగిన దానికన్నా ఎక్కువ డీజిల్ పోస్తేనే ఇంజను అంత నల్లగా కక్కుతుంది.

పోయిన నెలలో అన్నదమ్ములు వాదించుకోవడం ఆమె విన్నది. "ఎత్తు మీద బండి ఈడవట్లేదన్నయ్యా, పంపు కాస్త తెరువు."

"సరుకు తగ్గించుకో. లోపల వేడికి పిస్టన్లు కరిగి, నిండు లోడుతో ఎత్తు మధ్యలో ఇంజను పట్టేస్తే, వెనక్కి దొర్లే బండిని ఆపేదెవడ్రా?"

ఆమె సందులోకి వెళ్ళింది. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, మరిది రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నాడు. ఆమె తొంగి చూసింది. పంపు మీద గీత తెగలేదు. ఎంచక్కా, నిటారుగా ఉంది... కానీ గులాబీ రంగులో తళతళలాడుతోంది!

"ఏరా చిన్నోడా, మీ అన్నయ్య రంగు మార్చాడా?"

చెంబు అతని చేతిలోనే ఉండిపోయింది. "వదినా... అన్నయ్యకి చెప్పకు! అరచుట్టే తిప్పాను. వెనకొచ్చిన ప్రతివాడూ హారన్ కొట్టి దాటిపోతున్నాడు. ఆలస్యమైతే బండి ఇంకో డ్రైవరుకిస్తానంటున్నాడు యజమాని!"

"ఇంజను వేడి చూపే ముల్లు ఎందాకా పోయింది?"

అతను రేడియేటర్ మూత బిగించసాగాడు.

"డయల్ మీది ఎర్ర గుర్తు దాటిందా?"

"...నిన్న కాసేపు."

తను ఈ ఇంటికి వచ్చేనాటికి వీడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదు. పగిలిన అద్దాలు, తప్పిన పరీక్షలు, మొదటి సిగరెట్టు... అన్నీ తనే కప్పింది. కప్పడం కూడా ప్రేమేననుకుంది! ఆ ప్రేమే ఈ రోజు వాణ్ణి ఈ ఎత్తు ఎక్కిస్తోందా? ఆమె క్యాబిన్‌లో చెయ్యి పెట్టి తాళం లాగి కొంగున ముడేసుకుంది.

"అన్నం వేళకి నువ్వే చెప్పు."

మధ్యాహ్నం అందరూ కూర్చున్నారు. ఆమె వడ్డిస్తోంది. మేస్త్రి తింటున్నాడు. చిన్నోడు అన్నం కెలుకుతున్నాడే తప్ప నోరు విప్పడం లేదు. చివరికి, "వదినా... తాళం ఇస్తే బయల్దేరతాను. సాయంత్రానికి ఎత్తు ఎక్కాలి," అన్నాడు గొణుగుతూ.

"తాళం దీని దగ్గరెందుకుంది?" అత్తగారు కస్సుమంది. "పొద్దున సీసా, ఇప్పుడు తాళమా!"

పెద్దకోడలు గరిటె కింద పెట్టింది. "బండి ఈ రోజు కదలదత్తయ్యా. రేపూ కదలదు. ఈ ఇంట్లో ఎవరి తప్పూ నేనింక కప్పను... నాకు ఓపిక లేదు." భర్త వైపు తిరిగింది. "ఓసారి బండి పంపు చూసి రండి. మీ గీత గులాబీ రంగులో ఉంది."

మేస్త్రి ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాడు. చిన్నకోడలి ముఖం పాలిపోయింది. "నా సీసా... మీరా తీసింది?" భర్తని అడిగింది. అతను తలూపాడు. ముల్లు ఎర్ర గుర్తు దాటిన సంగతి పెద్దకోడలి నోటే విన్నాక చిన్నకోడలు వెక్కివెక్కి ఏడ్చింది. "అక్కా! సీసా కోసం నిన్ను నానా మాటలూ పడనిచ్చాను... నువ్వు ఈయన ప్రాణం కొంగున కట్టుకుని తిరుగుతున్నావా!"

అత్తగారు తన పక్కన పీట జరిపింది. "నువ్వు కూర్చోవే పెద్దదానా. అన్నం చల్లారిపోతోంది," అంది మెల్లగా.

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని గరిటె అందుకుంది.

మేస్త్రి తిరిగొచ్చాడు. అరుస్తాడనుకున్నారంతా. అరవలేదు. తమ్ముడి పక్కనే కూలబడ్డాడు. "నా గీత చూసి నమ్మి ఎక్కేవాళ్ళున్నార్రా..." అన్నాడు. "ఇద్దరం వెళ్ళి యజమానికి ఉన్నదున్నట్టు చెబుదాం. బండి ఇంకొకడికిస్తే ఇవ్వనీ. ఇంజను విప్పి చూసి, పంపు మళ్ళీ కుదిర్చేదాకా అది వీధి దాటదు. నువ్వు షెడ్డులో నా పక్కనే ఉంటావు."

"సరే అన్నయ్యా." ఆ మాట సగమే వినిపించింది.

"పాత రంగు అడుగంటింది," అన్నాడు మేస్త్రి భార్యతో, చాలా అలసటగా. "ఎండిపోయిందేమో కూడా."

ఆమె తొలి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది.

"అది పారెయ్యండి," అంది. "రేపు నాకోసం కొత్తది కొనుక్కుంటాను. గీతకి కావాలంటే అడిగి తీసుకోండి."