కట్టమ్మ చూపుడువేలు

ఊరు ఊరంతా బండ్లు కట్టుకుని మేడారం జాతరకు పోయింది. ఎనుమాముల దారిలోని ఆ మిర్చి గోదాంలో మిగిలింది ముగ్గురే. కట్టమ్మ, ఆమె కూతురు పూలమ్మ, అల్లుడు రాయమల్లు. పూలమ్మకు ఏడో నెల. కుదుపుల బండిలో అంత దూరం వద్దని కట్టమ్మే ఆపింది. పంతొమ్మిది వందల ఎనభై నాలుగు, మాఘమాసం. రేకుల కప్పు ఎండకు చిటపటమంటోంది. తల్లీకూతుళ్ళు గోనెపట్టా పరుచుకుని, ఎర్రటి కుప్ప ముందు కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. గోనెసంచుల వాసన, మూలన ఎలుకల అలికిడి, ముక్కుపుటాలు మండించే ఘాటు... వాళ్ళకు అలవాటైనవే.

కట్టమ్మ మంత్రసాని. నూటికి పైగా పురుళ్ళు పోసింది. ఆ కుడిచేతికి చూపుడువేలు కొస లేదు. ఎవరడిగినా గడ్డిమిషన్‌లో పడి తెగిందని చెప్పేది. చెప్పగా చెప్పగా తనే సగం నమ్మింది. గొప్పకు మాత్రం తక్కువ లేదు, దవాఖాన మాటెత్తితే మూతి మూడు వంకరలు తిప్పేది.

"అవ్వా, ఘాటు వస్తలేదేందే?" అంది పూలమ్మ.

కట్టమ్మ గుప్పెడు కాయలు ముక్కు దగ్గర పెట్టుకుంది. నిజమే. వందల బస్తాల మిర్చి మధ్య కూర్చున్నా చిన్న తుమ్ము కూడా రావడం లేదు. ఎలుకల చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడే పూలమ్మ వెల్లకిలా పడింది. పడలేదు... ఎవరో తోసినట్టు వెనక్కి విరుచుకుపడింది.

"అవ్వా! కడుపు మీద ఎవరో కూసున్నరే!"

కట్టమ్మ చీర తప్పించి చూసింది. నిండు కడుపు మీద రెండు గుంటలు. గుండ్రంగా, పక్కపక్కన, సరిగ్గా రెండు మోకాళ్ళంత. చూస్తుండగానే అవి లోపలికి దిగాయి. గోనెపట్టా తడిసిపోయింది.

"ఉమ్మనీరు వోయింది. ఏడో నెలల గిదేం కత!"

బస్తాలు సర్దుతున్న రాయమల్లు పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, దవాఖానకు తీస్కపోదామే."

జన్మలో మొదటిసారి కట్టమ్మ ఆ మాటకు తలూపింది. "పో బిడ్డా. ఏ బండి దొరికితే అది పట్కరా. జల్ది!"

అతను రోడ్డు మీదికి పరుగెత్తాడు. కట్టమ్మకు తోచింది ఒక్కటే, దిష్టి. గుప్పెడు ఎండుమిర్చి కూతురికి మూడుసార్లు తిప్పి, మూలన కూలీలు వండుకునే పొయ్యి రాజేసి అందులో వేసింది. దిష్టి లేకపోతే ఆ పొగకు ఇల్లంతా దగ్గి చస్తుంది. దిష్టి ఉంటే ఘాటు రాదు.

కాయలు నల్లగా మాడాయి. దట్టమైన పొగ లేచింది. ఘాటు లేదు. ఆ పొగ పైకి పోలేదు, తలుపు వైపూ పోలేదు. నేల మీద పాకుతూ పూలమ్మ ముఖం దగ్గరికి వెళ్ళింది. ఆమె ఒక్కతే దగ్గడం మొదలుపెట్టింది. దగ్గిన ప్రతిసారీ కడుపు మీద గుంటలు ఇంకాస్త లోతుకు దిగుతున్నాయి.

కట్టమ్మ ఆ గుంటల వైపే చూసింది. ఈ పురుడు ఆమెకు తెలుసు. ఇలా పోసింది తనే.

రెండేళ్ళ కింద, ఇదే జాతర ముందు, ఇదే గోదాం. కూలికొచ్చిన చిలుకమ్మకు నొప్పులు మొదలై నెమ్మదించాయి. ఒక రోజు ఓపిక పడితే అయ్యే కాన్పు. కానీ తెల్లవారితే మేడారం బండి కదులుతుంది, కట్టమ్మకు మొక్కు ఉంది. ఎవరూ లేకుండా తలుపు వేసింది. దగ్గు తెప్పిస్తే బిడ్డ జారుతుందని మిర్చి పొగ పెట్టింది. కడుపు మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది. "పెద్దవ్వా, వద్దే... సచ్చిపోత పెద్దవ్వా..." అని చిలుకమ్మ అరుస్తుంటే ఆమె జడ ఆమె నోట్లోనే కుక్కింది. లోపలికి నెడుతున్న చూపుడువేలిని చిలుకమ్మ కొరికింది. పళ్ళు బిగుసుకుపోయాయి. వేలి కొస తెగి ఆ నోట్లోనే ఉండిపోయింది, ప్రాణం పోయినా పళ్ళు విడలేదు. అలాగే పాతిపెట్టారు. బిడ్డ అడ్డం తిరిగిందని ఊరికి చెప్పి, చేతికి గుడ్డ కట్టుకుని కట్టమ్మ జాతరకు పోయింది.

ఇప్పుడు పూలమ్మ జడ నేల మీద కదిలింది.

మెల్లగా... మెడ మీదుగా... నోటి దగ్గరికి.

"వద్దు!" కట్టమ్మ రెండు చేతులా పట్టి లాగింది. జడ మోకులా బిగిసి అరచేతులు కోసింది. మూర తరువాత మూర నోట్లోకి దిగుతోంది. పూలమ్మ తల లేచి నేల బండకు కొట్టుకుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ కొట్టుకుంది. రెండోసారికి ఎర్రటి కాయల మీద నెత్తురు చిమ్మింది. కళ్ళు తేలిపోతున్నాయి...

కట్టమ్మ సాగిలపడింది.

"చిలుకమ్మా! దాన్ని ఇడిసిపెట్టే. అదేం జేసిందే నిన్ను? జాతర బండి కోసం నేనే సంపిన. నేనే! నా బిడ్డను ఇడిసి, ఏం గావాల్నో నా తాన తీస్కో!"

అంతా ఆగింది.

జడ నోట్లోంచి జారి పడింది. గుంటలు పూడిపోయాయి. ఒక్క నొప్పితో బిడ్డ కట్టమ్మ చేతుల్లోకి వచ్చింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవడం లేదు. పూలమ్మ మాత్రం ఊపిరి తీస్తోంది. అది చూసి కట్టమ్మకు ఏడుపొచ్చింది.

ఏడుస్తూనే, నూరు పురుళ్ళలో చేసినట్టు, బిడ్డ నోట్లోంచి తెమడ తీయడానికి చిటికెనవేలు పెట్టింది.

గట్టిగా ఏదో తగిలింది. గీకి బయటికి తీసింది.

వేలి కొస. గోరుతో సహా. గోరు కింద, చిన్నప్పుడు తను పొడిపించుకున్న పచ్చబొట్టు చుక్క. రెండేళ్ళు మట్టిలో ఉన్నది కుళ్ళలేదు, ఎండలేదు. వెచ్చగా ఉంది. తన మొండివేలి పక్కన పెట్టి చూసుకోవాల్సిన అవసరం కట్టమ్మకు లేకపోయింది.

బిడ్డ కెవ్వుమంది. ఆ క్షణమే గోదాంలోని ఘాటంతా ఒక్కసారి తిరిగొచ్చి కట్టమ్మ ఉక్కిరిబిక్కిరైంది. దగ్గుతూనే ఆ వేలి కొసను కొంగున ముడేసుకుంది.

రాయమల్లు రిక్షాతో వచ్చాడు. నెత్తురు చూసి అదిరిపోయాడు, బిడ్డ ఏడుపు విని నవ్వాడు. "నీ చెయ్యి మామూలుది గాదత్తా! ఇద్దర్నీ బతికిచ్చినవ్."

రిక్షా దవాఖాన దారి పట్టింది. పూలమ్మ తల్లి భుజాన తల వాల్చింది. తలకు కట్టిన గుడ్డ తడుస్తోంది కానీ ఊపిరి నెమ్మదిగా ఆడుతోంది. కట్టమ్మ ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది. గండం గడిచిందనుకుంది.

అప్పుడు పూలమ్మ కళ్ళు తెరవకుండానే గుసగుసగా అంది.

"ఇంక తొమ్మిదున్నయ్... పెద్దవ్వా."

పూలమ్మ ఏనాడూ తల్లిని అవ్వా అని తప్ప పిలవలేదు. కట్టమ్మ కిందికి చూసింది. ఒళ్ళోని బిడ్డ నిద్రలోనే ఆమె నడిమివేలు పట్టుకుని మెల్లగా నోటి దగ్గరికి లాక్కుంటోంది.