ఇంకా నిండని బ్యాటరీ

"ఈ తీగ ఇక్కడ తగిలించిన మహానుభావుడెవరు?"

బానెట్ కింద నుంచి తల పైకెత్తి అడిగింది నైరీ. ఆమె చేతిలో మాడి నల్లబడ్డ ఫ్యూజు ఉంది.

"మా ఫ్రెండు..." అన్నాడు డూగల్.

"ఆ ఫ్రెండుకి కూడా మీలాగే కనుబొమ్మ కాలిందా?"

డూగల్ గబుక్కున నుదురు తడుముకున్నాడు. దొరికిపోయాడు.

ట్వైజెల్‌లో బండ్ల కరెంటు పనులు చేసే షాపు నైరీ వాళ్ల నాన్న విరెముది. డూగల్ ఐస్ క్రీమ్ తయారుచేసి, కదిలే ఇల్లులాంటి తన మోటర్‌హోమ్‌లో ఊరూరా తిరిగి అమ్ముతాడు. ఆ సాయంత్రమే జెరల్డీన్‌లో వాళ్లక్క పెళ్లి. ఫ్రీజర్ నిండా పెళ్లి ఐస్ క్రీమే. మూడు రోజులుగా ముసురు పట్టి బండి మీది సోలార్ పలకలు పని చెయ్యడం మానేశాయి. ఈదురుగాలికి ఊళ్లో కరెంటు పోయింది. ఫ్రీజర్‌ని నడిపే బ్యాటరీలో ఇరవై శాతం మిగిలింది. సరే, ఇంజిన్ ఎలాగూ తిరుగుతుంది కదా అని, ముందు బ్యాటరీకీ వెనక బ్యాటరీకీ తనే ఒక తీగ కలిపేశాడు.

"ఇంజిన్‌ది పన్నెండు వోల్టులు. వెనక ఉన్నది నలభై ఎనిమిది. పల్లంలో నీళ్లు వాటంతటవే మెరకకి ఎక్కుతాయా? మధ్యలో వోల్టేజి పెంచే చార్జర్ ఉండాలి. ఈ ఫ్యూజు తను చచ్చి మిమ్మల్ని బతికించింది. థాంక్స్ చెప్పండి."

డూగల్ వినయంగా వంగి, "చాలా థాంక్సండీ" అన్నాడు ఫ్యూజుతో.

నవ్వు ఆపుకోవడానికి నైరీ మళ్లీ బానెట్ కింద దూరింది.

మధ్యాహ్నానికి చార్జర్ బిగించింది. "నిలబెట్టి చూస్తే లాభం లేదు, ఇంజిన్ వేడెక్కుతుంది. నడుపుతూ చూడాలి. పది కిలోమీటర్లు పోనివ్వండి" అంటూ, చార్జర్ లెక్క చూపించే ఫోన్ పట్టుకుని పక్కన ఎక్కింది.

పది కిలోమీటర్లయ్యాయి.

"నిండుతోందా?"

"నిండుతోంది. ఇంకొంచెం చూడాలి."

బండి పుకాకి చెరువు దాటింది. వానలో టెకాపో కూడా దాటింది. ఐస్ క్రీమ్‌లో ఉప్పు వెయ్యొచ్చా లేదా అని ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. ఎక్కడ 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందో ఇద్దరికీ తెలీదు.

"ఇప్పుడెంత?"

"అరవై రెండు."

"ఇందాక అరవై అన్నావ్! నా తీగ వల్ల ఏదైనా పాడైందంటావా?"

డూగల్ మొహం వాడిపోయింది. నైరీకి జాలేసింది, అయినా ఫోన్ తెర అతనికి కనబడకుండా తిప్పేసుకుంది. ఫెయిర్లీ దగ్గర ఫోన్ మోగింది. స్పీకర్‌లో విరెము.

"అమ్మడూ, ఎక్కడ? నా ఫోన్లో ఆ చార్జర్ లెక్క కనిపిస్తోంది. తొంభై ఎనిమిది! ఇంకా ఏం టెస్టు చేస్తున్నావ్, బ్యాటరీనా, అబ్బాయినా?"



"తొంభై ఎనిమిదా?" అన్నాడు డూగల్ మెల్లగా.

నైరీ చెవులు ఎర్రబడ్డాయి. "మరి నువ్వు? పొద్దుపోయేలా నలభైలో నడుపుతున్నావేం? ఇందాక ట్రాక్టర్ కూడా హారన్ కొట్టి మనల్ని దాటిపోయింది!"

"వేగంగా పోతే త్వరగా నిండుతుంది. నిండితే నువ్వు దిగిపోతావు కదా."

"నేనింకా లైన్లోనే ఉన్నాను" అన్నాడు విరెము. "బాబూ, కాస్త గట్టిగా తొక్కు, మీ అక్క తంతుంది. అమ్మడూ, పెళ్లి చూసుకునే రా. ఆదివారం అతన్ని భోజనానికి పిలువు. వంట నేను చేస్తాను, నువ్వు చేస్తే పారిపోతాడు."

జెరల్డీన్ చేరేసరికి పెళ్లికూతురు గుమ్మంలోనే నిలబడి ఉంది. నైరీ ఒంటి మీది గ్రీజు మరకల్ని ఎగాదిగా చూసింది.

"ఒరేయ్, ఎవర్రా ఈ అమ్మాయి?"

"అదీ... బ్యాటరీ..." డూగల్ నసిగాడు.

"మెకానిక్‌ని" అంది నైరీ.

"ఓహో. మరి మెకానిక్ చెయ్యి వీడెందుకు పట్టుకున్నాడు?"

అప్పుడుగానీ ఇద్దరూ కిందకి చూసుకోలేదు. చూసుకున్నాక కూడా వదల్లేదు.