ఆరు గంటలకు పెట్టిన కార్డు

కోడుమూరులో మా చర్చికి ఆనుకొని ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో ప్రార్థన కూడికల చాపలు, గాలి పోయిన హార్మోనియం పెట్టేవాళ్లు. ఇప్పుడు కంప్యూటర్ ఉంది. దాని ముందు నేనుంటాను.

డిగ్రీ రెండో ఏడు మధ్యలో మానేసినాను. కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. వీడియోలు చూసి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్నదే. చర్చికి ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా, యూట్యూబ్ మూడూ ఉన్నాయి. ఫోన్‌లో ఒక్కొక్కటి తెరిచి మూసే ఓపిక నాకు లేదు. అందుకని కంప్యూటర్‌లో ఒక అప్లికేషన్ వేసుకున్నాను. తెరిస్తే మూడూ మూడు నిలువు వరసల్లో కనబడతాయి. ఎవరేం రాసినా పైనుంచి కిందికి జారుతుంటాయి. చివరన నాలుగో వరస పేరు క్యూ. రేపటి వాక్యమో, ఆదివారం లైవో తయారుచేసి, టైము పెట్టి అందులో పడేస్తే ఆ వేళకి అదే పోతుంది. ఈ పాస్‌వర్డులన్నీ నా ఒక్కదానికే తెలుసు.

ఆ వరసల ముందు కూర్చుంటే నాకు టైము తెలీదు. కొత్తది ఏమీ రాకపోయినా చూస్తానే ఉంటాను. గానుగెద్దు కూడా ఒక మాటు ఆగుతాదే, నీ కండ్లు ఆగవు కదే అని అమ్మ తిడుతుండేది. అమ్మ పేరు సుగుణమ్మ. కూలికి పోయి నన్ను సాకింది. ఇంట్లో మేమిద్దరమే.

నేను చేసిన పని అమ్మకు తెలీదు. మా పాస్టరు గాబ్రియేలు అయ్యగారికీ తెలీదు. మోకరించి ప్రార్థనలో కూడా పూర్తిగా చెప్పలేకపోయినాను.

మాలో ఎవరైనా ప్రభువునందు నిద్రిస్తే మరునాడు పొద్దున పదింటికి మట్టి చేసేస్తాం. మా ఎండల్లో అంతకు మించి ఉంచలేరు. మా వీధిలో సగం మంది బెంగుళూరులో సిమెంటు పనుల్లో ఉంటారు. రాత్రి బస్సు ఎక్కితేనే మట్టికి అందుతారు. అందుకే చావు కబురు సాయంత్రం ఆరుకల్లా పేజీలో పడాలని అయ్యగారు కట్టడి చేసినాడు. ఫోటో, పేరు, కింద 'ప్రభువు పిలుపు అందుకున్నారు' అనే మాట. ఆ కార్డు చేసేది నేనే.

మే నెల, మంగళవారం. విశ్వాసమ్మ జేజి కర్నూల్లో ఆసుపత్రిలో ఉంది. వీధికంతా అవ్వ, డెబ్బై ఏళ్ల మనిషి. పిల్లల్లేరు. ఇరవై ఏళ్లుగా చర్చి ఊడ్చేది ఆమే. తమ్ముడి కొడుకు యేసుప్రసాద్ బెంగుళూరులో ఉంటాడు. జేజికి తోడుగా పోయిన పక్కింటి గంగక్క మూడింటికి ఫోన్ చేసింది. ఇంటికి తీసుకొస్తున్నారంట, ప్రాణం గొంతులో ఉందంట, దారిలోనే పోవచ్చంట.

అయ్యగారు నన్ను పిలిచి కార్డు సిద్ధం చేసి పెట్టుకోమన్నాడు. సిద్ధం చేయమన్నాడు, అంతే. ఆరుకు టైము పెట్టి క్యూలో పడేసింది నేను. పోయిందని తెలిసినాక వేయబోతే కరెంటు ఉండదేమోనని నా తొందర. పోకపోతే తీసేద్దాంలే అనుకున్నాను.

ఐదున్నరకు నిజంగానే కరెంటు పోయింది. యూపీఎస్‌లో చార్జింగ్ లేదు, కంప్యూటర్ ఆరిపోయింది. కంప్యూటర్ ఆరితే క్యూ కూడా ఆగుతుందనుకున్నాను. అది నా కంప్యూటర్‌లో ఉండదని, యాడో దూరంగా ఉండి అక్కడినుంచే పోతుందని నాకప్పటికి తెలీదు. ఎవరైనా దగ్గర కూర్చోబెట్టి నేర్పుంటే తెలిసేది.

ఆరున్నరకు అంబులెన్సు వచ్చేసరికి జేజి ఇంటి ముందు షామియానా కట్టేసినారు. ఆడోళ్లు ఏడుస్తున్నారు. లాజరు మామ పూలదండ పట్టుకుని నిలబడినాడు. వెనక తలుపు తీసేసరికి జేజి లేచి కూర్చుని ఉంది. అందర్నీ ఒకసారి కలయజూసి అడిగింది.

"ఎవురు పోయినారమ్మీ?"

ఏడుపులు ఆగిపోయినాయి. తర్వాత ఎవరో కిసుక్కున నవ్వినారు. ఆ నవ్వు వీధంతా పాకింది. లాజరు మామ దండ వెనక్కి దాచుకున్నాడు. తెల్లారి బస్సు దిగిన యేసుప్రసాద్ మాత్రం నవ్వలేదు. రెండు దినాల కూలి పోగొట్టుకుని వచ్చినాడు మరి. చర్చి గేటు దగ్గర అందరి ముందూ నన్ను నిలబెట్టి, మా అత్తను చంపేదానికి నీకెంత తొందర అని అడిగినాడు. వీధిలో పోతుంటే పిల్లోళ్లు కూడా, నిస్సీ అక్కా, నా ఫోటో పెట్టొద్దుకా అని పరిగెత్తేవాళ్లు.

నేను కార్డు తీసేసినాను. తప్పు ఒప్పుకుందామని బుధవారం మధ్యాహ్నం జేజి దగ్గరికి పోయినాను.

బయట ఎండ కొరివిలా ఉంది. లోపల చీకటి. కిటికీకి తడిపిన గోనెసంచి కట్టినారు. తడి నార వాసన, దాని కింద ఇంకేదో వాసన. ఫినాయిలు లాంటిది, ఎండిన పూల లాంటిది. జేజి మంచం మీద వాకిలి వైపు తిరిగి పడుకుని ఉంది. నేను కాళ్ల దగ్గర కూర్చుని క్షమించమన్నాను. ఆమె నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వాకిలినే చూస్తోంది.

"నీ తప్పేముండాదిలే. పిలుపు వేసినావు. వచ్చినారు."

"ఎవరు జేజీ?"

"ఆడే కూచోనుండారు. మంగళారం నుంచి." గొంతు తగ్గించింది. "నన్ను రమ్మన్నారు. నాకింకా కాలేదంటే, మరి పిలిచిందెవురు, ఉత్తచేతుల్తో ఎట్ల పోవల్ల అని అడుగుతాండారు."

నేను వెనక్కి తిరిగి చూసినాను. వాకిట్లో ఎవరూ లేరు. గడప అవతల దుమ్ములో... ఎవరో చాలాసేపు గొంతుక్కూర్చుని లేచినట్టు రెండు జతల మడిమల గుర్తులు. గంగక్క కూర్చుని ఉంటుందిలే అనుకున్నాను. గంగక్క ఒక్కతే కదా అని ఇంటికి వచ్చినాక తోచింది.

గురువారం పొద్దున కంప్యూటర్ తెరిచినాను. క్యూలో ఒకటి ఉంది. నేను పెట్టింది కాదు.

అదే కార్డు. అదే నల్ల అంచు, అవే మాటలు. ఫోటో ఉండాల్సిన చోట బూడిద రంగు చదరం. పేరు లేదు. టైము మాత్రం ఉంది, శుక్రవారం సాయంత్రం ఆరు. డిలీట్ నొక్కినాను. పోయింది. నీళ్లు తాగి వచ్చి కూర్చునేసరికి మళ్లీ ఉంది. ఈసారి బూడిద రంగు మూలన ఆకుపచ్చ చెరగు ముక్క కనబడుతోంది.

ఆ రోజు ఎన్నిసార్లు తీసేసినానో లెక్క లేదు. తీసేసిన ప్రతిసారీ ఫోటో ఇంకొంచెం తేటపడేది, కడిగిన అద్దంలాగా. పాస్‌వర్డు మార్చినాను. అప్లికేషన్ మొత్తం పీకేసి మళ్లీ ఎక్కించినాను. ఫోన్‌లో పేజీ తెరిచి చూస్తే అక్కడ ఏ కార్డూ లేదు. కంప్యూటర్‌లోనే ఉంది. సాయంత్రానికి ఒక చెయ్యి కనబడింది. మణికట్టు మీద పాత కొడవలి గాటు.

ఆ గాటు నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

శుక్రవారం అమ్మను పనికి పోవద్దన్నాను. ఎందుకంటే ఏం చెప్పాలో తెలీక ఎండ శానా ఉందన్నాను. ఎండకు భయపడితే ఈ ఊర్లో పుట్టేదే కాదంటూ నవ్వి పోయింది. మధ్యాహ్నం రెండింటికి తోటి కూలీలు ఆమెను ఆటోలో తీసుకొచ్చినారు. చేన్లో కళ్లు తిరిగి పడిందంట. ఆర్‌ఎంపీ వచ్చి సెలైన్ పెట్టి, వడదెబ్బే, సాయంత్రానికి లేచి తిరుగుతుందని చెప్పి పోయినాడు. గంగక్కను పక్కన కూర్చోబెట్టి నేను చర్చి గదికి పరిగెత్తినాను.

ఐదూ పది. కరెంటు లేదు. యూపీఎస్ మీద కంప్యూటర్ తెరిచినాను. కిటికీ రెక్కలు మూసే ఉన్నాయి. గదిలో వెలుగంటే ఆ తెర ఒక్కటే. మూడు వరసల్లో ఏమీ కదలడం లేదు. ఎప్పుడూ జారుతుండే వరసలు... ఊపిరి బిగబట్టినట్టు నిలబడినాయి.

క్యూలో ఫోటో పూర్తయింది.

అమ్మ. ఆకుపచ్చ చీర. చేతికి సెలైన్ పట్టీ. తల కొద్దిగా పక్కకు వాలి ఉంది. ఆ ఫోటో నేను తీయలేదు. ఎవరూ తీసే వీల్లేదు. ఆ పట్టీ వేసి మూడు గంటలు కూడా కాలేదు. కింద పేరు తనంతట తానే పడుతోంది. సహోదరి సుగు... సుగుణ...

గదిలో ఆ వాసన వచ్చింది. ఫినాయిలు. ఎండిన పూలు.

నా వెనక ఎవరో కూర్చున్నారు. నేను చూడలేదు. చాప నలిగిన చప్పుడు మాత్రం విన్నాను. గదిలో చాపలు తీసేసి మూడేళ్లయింది.

గంగక్క ఫోన్ చేసింది. అమ్మ పిలిస్తే పలకడం లేదంట. ఒళ్లు చల్లబడుతోందంట. ఊపిరి ఎక్కడో లోతునుంచి వస్తోందంట. ఆటో తెప్పించమన్నాను, డాక్టరును పిలవమన్నాను. 

ఐదూ ముప్పై ఎనిమిది.

డిలీట్ మీట ఇప్పుడు అసలు పనిచేయడం లేదు. దాని పక్కన ఇంకోటి ఉంది. మార్చు. అది నొక్కినాను. ఫోటో ఖాళీ అయింది. శిలువ బొమ్మ పెట్టినాను. నిలవలేదు, అమ్మ ముఖం తిరిగి వచ్చింది. పూల బొమ్మ పెట్టినాను. నిలవలేదు. నా ఫోటో పెట్టినాను. పెట్టినానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి పెట్టలేదు. దాని మీదికి బాణం పోయింది... నొక్కలేకపోయినాను.

చర్చి సభ్యుల ఫోటోలన్నీ ఒకచోట దాచినాను, రెండు వందల పన్నెండు. వాటిని తెరిచినాను. ఒక్కొక్క ముఖం మీదా ఆగినాను. లాజరు మామ మీద ఆగినాను. గేటు దగ్గర నన్ను తిట్టిన యేసుప్రసాద్ మీద చాలాసేపు ఆగినాను. పాలు తాగే బిడ్డ మీద కూడా... ఆగినాను. అది చెప్పకపోతే ఇది రాసి లాభం లేదు.

వెనక చాప మళ్లీ నలిగింది. దగ్గరగా.

ఐదూ యాభై రెండు. విశ్వాసమ్మ జేజి ఫోటో మీద నొక్కినాను. ఆమెనే కదా పిలిచింది, ఆమె కోసమే కదా వచ్చినారు, అసలు ఆమెదే కదా ఈ కార్డు అని నాకు నేను చెప్పుకున్నాను. ఫోటో నిలిచింది. పేరు నేనే కొట్టినాను. వేళ్లు ఒక్క అక్షరం కూడా తప్పలేదు.

భద్రపరచు.

వాసన పోయింది. ఎవరో నా వెనకనుంచి లేచి, తొందర లేకుండా, తలుపు తీయకుండానే వెళ్లిపోయినట్టు తెలిసింది.

రెండు నిమిషాల్లో గంగక్క ఫోన్. అమ్మ కళ్లు తెరిచిందంట. నీళ్లు అడిగిందంట. నేను బల్ల మీద తల పెట్టి ఏడ్చినాను. క్యూ వైపు మళ్లీ చూడలేదు. చూసుంటే, తీసేసుంటే... ఆరు దాకా టైముంది. చూడలేదు.

ఆరింటికి టింగ్‌మని మోగింది.

ఆరూ ఐదుకు అయ్యగారు వచ్చినాడు. విశ్వాసమ్మ ఇప్పుడే పోయింది, నేను ఇంకా చెప్పనేలేదు, అంత ముందుగా ఎట్ల పెట్టినావమ్మా అని అడిగినాడు. కబురు వచ్చిందన్నాను. ఈసారి సరిగ్గా చేసినావని నా తల మీద చెయ్యి పెట్టినాడు. యేసుప్రసాద్ మళ్లీ రాత్రి బస్సు ఎక్కినాడు.

శనివారం పదింటికి మట్టి. సమాధుల తోట ఊరికి ఉత్తరాన, రాళ్ల నేల. కంప చెట్లు తప్ప నీడ లేదు. అమ్మ కూడా వచ్చింది, గంగక్క భుజం పట్టుకుని. జేజి ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. పాట పాడినారు. అందరూ పిడికెడు మట్టి వేసినారు. నేనూ వేసినాను.

జనం తిరిగి పోతుండగా గుంతలు తవ్వే లేవి మామ నన్ను పక్కకు పిలిచినాడు. ముఖం తుడుచుకుంటూ, కంప చెట్ల అవతల చూపించినాడు. అక్కడ ఇంకో గుంత ఉంది. సగమే. తల వైపు మూడడుగుల పొడుగు తవ్వి, అక్కడికి ఆపేసి ఉంది. పార దాంట్లోనే నిలబెట్టినాడు.

"ఇదెవరికి మామా?"

"అదే నేనూ అడగాలనుకుంటాండా. రెండు తవ్వమంటివి కదమ్మా. రాతి నేల, ఊరికే పెద్దది తవ్వలేను. మనిషి కొలత వస్తే మిగతాది తవ్వుతా."

నేను చెప్పలేదన్నాను. ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీసి చూపించినాడు. మెసేజు చర్చి పేజీ నుంచే వచ్చింది. నిన్న సాయంత్రం ఐదూ యాభై రెండు. 'రెండు గుంతలు. రెండోదానికి కొలత తర్వాత చెప్తాం.'

చదువుతుండగానే దాని కింద మూడు చుక్కలు కదలడం మొదలుపెట్టినాయి. పేజీ నుంచి ఎవరో ఏదో రాస్తున్నారు.

నా రెండు చేతులకూ ఇంకా జేజి మట్టి ఉంది. అమ్మ గేటు దగ్గర నిలబడి, పోదాం రామే అని పిలుస్తోంది. లేవి మామ ఫోన్ వైపు వంగి, చుక్కలు ఆగేదాకా ఓపికగా చూస్తున్నాడు.