మనం భోంచేయబోతున్నాం

గాస్పార్‌ని గొంతు కోసి, నోట్లో సుద్దముక్కలు కుక్కి రైలు పట్టాల పక్కన పారేశారు. మా లియోన్‌లో హంతకులకు కూడా కాస్త మర్యాద ఉండేది. వీళ్ళెవరో పరమ మొరటు వెధవలు.

శనివారం పొద్దున్నే గూఢచారి శాఖ కర్నల్ ఓదిల్ ఏజెంట్ తాంగీని పిలిపించింది. అతనూ గాస్పారూ ఏళ్ళ తరబడి జోడీగా పనిచేసినవాళ్ళు.

"ఏడుపు తర్వాత. ముందు విను," అందామె. "కొండమీద వలస కూలీలకి ఫ్రెంచి నేర్పే బడి ఉంది. పేరుకే బడి. అందులో ఉన్నదంతా విదేశీ ముఠా. ప్రతి శనివారం ఒక క్రియని ఫ్యూచర్ ప్రోష్‌లో, అంటే 'చేయబోతున్నాను' అనే రూపంలో, వల్లె వేయిస్తారు. ఆ క్రియే ఆర్డర్. 'తోయబోతున్నాను' అన్నరోజు మన మనిషి మెట్రో కింద పడ్డాడు. 'తగలబెట్టబోతున్నాను' అన్నరోజు మన గోడౌన్ బూడిదైంది."

"ఈసారి టార్గెట్?"

"జడ్జి క్లోతీల్ద్. వాళ్ళ అరెస్టు వారెంట్ల మీద సోమవారం సంతకం పెడుతుంది."

క్లోతీల్ద్ గాస్పార్ భార్య. ఇప్పుడామెకి కూడా ఏదైనా అయితే తాంగీ అద్దంలో మొహం చూసుకోలేడు.

"ఎలా చంపుతారో తెలుసుకో. పంతులమ్మ సబీన్ మనకి సమాచారం ఇస్తోంది. కానీ నువ్వెవరో ఆమెకి చెప్పలేదు. మనవాడొకడు వస్తున్నాడనే తెలుసు. నేనెవర్నీ పూర్తిగా నమ్మను."

"నన్ను?"

"బెల్టు బకిల్‌లో కత్తి ఉంది. బయల్దేరు."

జార్జియా నుంచి వచ్చిన తాపీమేస్త్రీ 'దాతో' వేషంలో, గోళ్ళ నిండా సిమెంటుతో తాంగీ క్లాసులో కూర్చున్నాడు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర లాక్కున్నారు. ఎర్ర లిప్‌స్టిక్, ఎర్ర స్కర్టు, గది నిండా సెంటు వాసనతో సబీన్ బోర్డు ముందు నిలబడింది.

"దెజూనే! భోంచేయడం. అనండి!"

"జ వే దెజూనే! త్యు వా దెజూనే!" గది మోగిపోయింది. నేను భోంచేయబోతున్నాను, నువ్వు భోంచేయబోతున్నావు, మనం భోంచేయబోతున్నాం.

తాంగీ కావాలనే తడబడ్డాడు. పక్కనున్న రాదిమ్ అనే బండోడు వీపు మీద చరిచాడు. "ఏరా దాతో, నాలిక మీద కూడా సిమెంటు పోశావా?"

అందరూ నవ్వారు, తాంగీ కూడా. భోజనం వేళ దెబ్బ కొడతారని తెలిసింది. ఎలాగన్నదే తేలలేదు.

"చాలు, ఇక నిజంగానే తిందాం," అంటూ సబీన్ ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఉబ్బెత్తు రొట్టె పెట్టింది. సాసేజీ, జున్ను, వైను వచ్చాయి. కబుర్లు మొదలయ్యాయి. తాంగీ జున్ను కోస్తూ, ఎడం చేత్తో రొట్టెని సరిగ్గా తిప్పి పెట్టాడు.

గదిలో మాట ఆగిపోయింది.

రొట్టెలన్నీ బోర్లా పెట్టి ఉన్నాయి. తిప్పింది అతనొక్కడే.

బోర్లా పెట్టిన రొట్టె తలారిదని మా ఫ్రెంచి ఇళ్ళలో ప్రతి ముసలమ్మా చెబుతుంది. ఆ కాలంలో రొట్టెలవాడు తలారి వాటాని అలా విడిగా ఉంచేవాడట. అది బల్లమీద ఉంటే ఇంట్లో శవం లేస్తుందని తాంగీ నాయనమ్మ అతని చేతిమీద ఎన్ని దెబ్బలు వేసిందో! ఆ చెయ్యే ఇవాళ అతను ఫ్రెంచివాడని పట్టించేసింది.

సబీన్ పకపకా నవ్వింది. "చెప్పానా రాదిమ్? వీళ్ళ చెయ్యి ఊరుకోదు. జడ్జిగారి చెయ్యీ అంతే. తిప్పగానే పేలుతుంది."

తాంగీకి అంతా అర్థమైంది. అయితే బాంబు రొట్టెలో ఉంది. క్లోతీల్ద్ దాన్ని తిప్పితే చాలు.

రాదిమ్ వచ్చి తాంగీ మెడ పట్టుకున్నాడు. తాంగీ బకిల్ కత్తి లాగి వాడి తొడలో పిడి దాకా దించాడు. ఇంకొకడు కుర్చీ ఎత్తాడు. వైను సీసా వాడి పళ్ళు రాల్చింది. సబీన్ పిస్తోలు పేలింది. తూటా తాంగీ భుజంలోంచి దూసుకుపోయింది. అతను బల్లని ఎత్తి ఆమె మీదికి తోశాడు. కాలి ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"నువ్వు చావబోతున్నావురా!" అని అరిచిందామె.

"వ్యాకరణం బాగుంది మదామ్," అంటూ తాంగీ కిటికీలోంచి దూకాడు.

భోజనం దగ్గర క్లోతీల్ద్ ఫోన్ ఆపేస్తుంది. శనివారాలు ఎక్కడ తింటుందో తాంగీకి తెలుసు. గాస్పార్ బతికుండగా ముగ్గురూ కలిసే తినేవాళ్ళు. నెత్తురోడుతూ కొండ మెట్లన్నీ దిగి హోటల్లో పడ్డాడు.

క్లోతీల్ద్ వేళ్ళు రొట్టె మీద ఉన్నాయి. తాంగీ ఆమె చేతిని బల్లకేసి అదిమిపట్టాడు.

"తాంగీ! ఏమిటా నెత్తురు? వదులు, రొట్టె బోర్లా ఉంది!"

"ఉండనీ. దణ్ణం పెడతాను, ఉండనీ. అందులో బాంబుంది క్లో!"

ఆమె మెల్లగా చెయ్యి తీసింది. "గాస్పార్‌ని చంపినవాళ్ళేనా?" అని అడిగి, అప్పుడు ఏడ్చింది. అంతలో వెనకనుంచి వెయిటర్ "అయ్యో, అపశకునం!" అంటూ చెయ్యి చాపాడు. తాంగీ వాణ్ణి ఒక్క తాపు తన్నాడు. హోటల్ ఖాళీ అయింది.

బాంబు స్క్వాడ్ వచ్చింది. లావుపాటి కవచం వేసుకున్న అధికారి తాంగీని వెనక్కి నెట్టి, బల్లవైపు చూసి ముఖం చిట్లించాడు.

"ఛీ ఛీ, రొట్టెని ఇలా ఎవడు పెట్టాడు?" అంటూ చెయ్యి చాపాడు.

ఆ రోజు తాంగీ చేతిలో దవడ పగిలిన ఆఖరి మనిషి అతనే. వారెంట్ల మీద సంతకాలయ్యాక, క్లోతీల్ద్ పళ్ళు పట్టుకెళ్ళి ఆస్పత్రిలో తాంగీని చూసొచ్చింది. రొట్టె మాత్రం తీసుకెళ్ళలేదు.