కాగితంలో పట్టని బొమ్మ

మూకండపల్లి ఫ్యాక్టరీ ఇళ్ల వరసలో ఉండే భూమికకు ఆ సాయంత్రం ఉన్న కోపమంతా ప్రింటరు మీదే.

కొనేటప్పుడే నానా తంటాలు పడింది. అందుబాటు ధరలో లేజరుదైతే నలుపు తప్ప ఇంకో రంగు రాదు. ఇంకు ట్యాంకుదైతే మంచిదే గానీ చేతికందదు. చివరికి మొగుడు మోహన్‌కుమార్ అన్నిటికంటే చౌకైన కార్ట్రిడ్జ్ ప్రింటరు మోసుకొచ్చాడు. ఇంటికొచ్చాక తెలిసింది, ప్రింటరు చౌకైనా అందులో వేసే రంగు కార్ట్రిడ్జ్‌లు ప్రియమని, అది దూడను ఊరికే ఇచ్చి గడ్డి అమ్ముకునే బేరమని. వేస్తే గీతలు పడతాయి. గీతలు పోవాలని శుభ్రం చేయిస్తే ఉన్న రంగంతా అదే తాగేస్తుంది.

భూమిక పారేసిన సామానుతో బొమ్మలు చేస్తుంది. తెగిన సైకిల్ గొలుసులు, అరిగిన బేరింగులు, విరిగిన కొడవళ్లు, ఏది దొరికితే అది. అవన్నీ పెరట్లో వానకు నానుతుంటే, పాతసామాన్లవాడు వచ్చినప్పుడల్లా ఇరుగుపొరుగు అతన్ని సరాసరి ఈ ఇంటికే పంపేవాళ్లు. నవ్వుకోవడానికి వాళ్లకు అదొక సరదా. ఇన్నాళ్లకు బెంగళూరులో ఒక ప్రదర్శనవాళ్లు కొత్తవాళ్లకు చోటిస్తామన్నారు. బొమ్మ ఫోటోలు కాగితం మీద వేసి రేపు పొద్దున తెచ్చివ్వాలి, ఫోనులో పంపితే చూడరు. బజారుకు పోదామంటే బయట వాన. ఒక్కసారి, ఒక్కసారైనా తన బొమ్మ నలుగురి ముందు నిలబడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

ఈసారి చేసింది కూర్చున్న ముసలి గొర్రెలకాపరిని. ఒళ్లంతా బాగా కుదిరినా కళ్లు మాత్రం ఎంతకీ కుదరలేదు. బేరింగు గుండ్లు పెడితే చేప చూసినట్టు ఉంది. పోయిన వారం శ్మశానం దారిలో, కానుగ చెట్టు కింద ఎవరో పారేసినట్టున్న సామానులో ఒక పాత కళ్లజోడు దొరికింది. ఒకవైపు కాడ విరిగితే దారంతో కట్టి ఉంది. తెచ్చి పెట్టగానే బొమ్మ చూడటం మొదలుపెట్టింది. ఆ రోజు భూమిక సంతోషంతో అన్నం కూడా తినలేదు.

మొదటి కాగితం గర్రుమంటూ వచ్చింది. పెరటి గోడ ముందు బొమ్మ బుద్ధిగా కూర్చుని ఉంది, కానీ మొహం మీద గీతలు. రెండోదానిలో గీతలు లేవు. బొమ్మ మాత్రం కొంచెం పెద్దదిగా వచ్చింది. మూడోదానిలో కాళ్లు కాగితం దాటిపోయాయి.

ఫ్యాక్టరీలో ఉన్న మొగుడికి ఫోను చేసింది.

“స్కేలింగ్ చూసినావా? ఫిట్ టు పేజ్ పెట్టు, బొమ్మంతా కాగితంలో పడతాది,” అన్నాడు మోహన్‌కుమార్ గొంతు తగ్గించి. “సూపర్‌వైజరు ఈడే ఉండాడు.”

“అదే పెట్టినాను! బాగా చూసి కొన్నారు ప్రింటరు!”

మళ్లీ వేసింది. ఈసారి ఛాతీ, మొహం మాత్రమే వచ్చాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా ఫోటో కాగితాలు కూడా అయిపోవస్తున్నాయి. ఏడుపొచ్చింది ఆమెకు. కాగితాలన్నీ నేలమీద పరిచి, తప్పు ఎక్కడుందో చూద్దామని వంగింది.

గోడ పెరగలేదు.

అన్ని కాగితాల్లోనూ ఇటుకలు అంతే ఉన్నాయి. దండెం మీద చీర అంతే ఉంది. పెరిగింది బొమ్మ ఒక్కటే... కాదు. అది పెరగలేదు. లేచి... దగ్గరికి వస్తోంది.

ఫోను తీసి చూసింది. అందులో బొమ్మ ఎప్పటిలా గోడ దగ్గరే కూర్చుని ఉంది.

గదిలోకి ఏదో వాసన వచ్చింది. తడిసిన గొర్రెబొచ్చు వాసన, దాంతోపాటు బీడీ పొగ. ప్రింటరు దానంతటదే గర్రుమంది. ఆమె ఏ మీటా నొక్కలేదు. కాగితం మెల్లగా... చాలా మెల్లగా బయటికొచ్చింది.

కాగితం నిండా కళ్లజోడు. రెండు అద్దాల్లోనూ ఒక ఆడమనిషి, నేలమీద వంగి కాగితాలు చూస్తోంది.

“అత్తా...” అని పిలిచింది.

వంటింట్లోంచి కెంపమ్మ వచ్చింది. కాగితం చూసింది. కోడలి మొహం చూసింది.

“ఈ అద్దాలు యాడివమ్మా?”

“కానుగ చెట్టు కింద దొరికినాయి.”

ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అయ్యో... అవి మన అంజినప్పవి. పోయిన నెల పోయినాడు గదా, గొర్రెలు కాసేటాయన. సచ్చినోళ్ల సామాను కావాలనే ఆడ పెట్టొస్తారమ్మా, దాని కోసం ఇంటికి రాకుండా. యాడ తీసినావో ఆడే పెట్టి రా. పొద్దు ఉండంగానే పో.”

భూమిక పెరట్లోకి పోయింది. వానలో బొమ్మ కూర్చునే ఉంది. కళ్లజోడు తీసేస్తే ఇన్నాళ్ల పని మళ్లీ మొదటికే వస్తుంది. బెంగళూరు పోయినట్టే. “నాకే ఎందుకప్పా ఇట్ల?” అని పైకే అనేసింది. కళ్లు మూసుకుని జోడు లాగింది. తీస్తుంటే దారం వేలికి చుట్టుకుంది, విడిపించుకోవడానికి తెంపాల్సి వచ్చింది.

గొడుగు పట్టుకుని పరుగులాంటి నడకతో శ్మశానం దారి పట్టింది. ఇంకా వెలుతురు ఉంది. కానుగ చెట్టు కింద చేతికర్ర, చిరిగిన కంబళి, సొట్టపడిన పళ్లెం అట్లాగే ఉన్నాయి. కళ్లజోడును కంబళి మీద పెట్టి దండం పెట్టుకుంది. “తీసుకోప్పా. తెలీక ఎత్తుకుపోయినాను.”

గాలి ఆగింది. వాసన పోయింది. ప్రదర్శన పోతే పోయింది, ప్రాణం దక్కిందనుకుని వెనక్కి తిరగబోయింది.

అప్పుడు చూసింది. సొట్టపడిన పళ్లెం పక్కనే ఇంకో పళ్లెం ఉంది. కొత్త స్టీలుది. దాని అంచు మీద, పెళ్లికి పుట్టింటివాళ్లు చెక్కించిన పేరు... భూమిక.

మధ్యాహ్నం ఆమె తిన్న రాగిముద్ద అంచున ఇంకా అంటుకునే ఉంది.